విజ్ఞానమునకు వేదిక యెచ్చట?

మృగశిర కార్తె ప్రవేశించునప్పుడు నాంపల్లి ప్రదర్శన మైదానము జనసముద్రమగుచున్నది. ఉబ్బసముచే ఊపిరి సలుపని ముదుసళ్లు, తల్లుల భుజములపై వ్రాలి ఎగయూపిరి తీయు పసివారు, దూరరాష్ట్రములనుండి రైళ్లలో వచ్చిన బీదసాదలు ముందటి రాత్రియే చేరి వరుసలలో కూర్చుందురు. బ్రదికియున్న కొర్రమేను పిల్ల నోట పసుపుపచ్చని ముద్దనుంచి రోగి గొంతులోనికి జారవిడుతురు. ఆ ముద్దకు వెల లేదు. మత్స్యశాఖవారు చేపపిల్లలను సమకూర్తురు. పోలీసులు బందోబస్తు చేయుదురు. ధర్మసంస్థలు అన్నపానీయముల నొసగును. ఒక కుటుంబమువారు 1845 నుండి తాము దీనిని పంచుచున్నామని చెప్పుదురు. కరోనా మహమ్మారి మూలమున 2020 నుండి మూడేండ్లు ఆగిన యీ పంపకము 2023లో మరల ఆరంభమైనది.

ఆ ముద్ద ఉబ్బసమును మాన్పునని శాస్త్రసమ్మతమగు పరీక్షచే నేటివరకు నిరూపింపబడలేదు. జన విజ్ఞాన వేదిక మున్నగు సంస్థలవారు ఈ విషయమును న్యాయస్థానములవరకు కొనిపోయిరి. వాదప్రతివాదముల నడుమ ‘మందు’ అను పేరు తొలగి ‘ప్రసాదము’ అను పేరు నిలిచినది. పేరు మారినది, వరుస మాత్రము తరుగలేదు. న్యాయవాద వృత్తిలో నున్న మావంటివారు దీనిని మననము చేయవలసియున్నది. వ్యాజ్యము ఒక ప్రకటనను ఆపగలదు, ఒక పేరును తుడిచివేయగలదు. మనుష్యుని మనస్సులోని నమ్మకమునకు సమను జారీచేయు అధికారము మాత్రము ఏ న్యాయస్థానమునకును లేదు. ఆ పని జరుగవలసిన చోటు సభామందిరము. చేయవలసిన వారు జీవశాస్త్రజ్ఞులు. దీనిని పాఠకులకు మనవి చేయుటకే ఈ వ్యాసము.

వరుసలో నిలిచినవారిని చూచి నవ్వువారు కొందరు కలరు. ఆ నవ్వు విద్యకు శోభ కాదు. రాత్రియంతయు గోడకానుకొని కూర్చుండి తెల్లవారుటకై యెదురుచూచు ఉబ్బసరోగి యెవరు పిలిచినను పోవును. అచ్చట అతనికి లభించునదేమో ఆలోచింపుడు: రైలు దిగి నడచి చేరగల స్థలము, రుసుము లేని సేవ, తనకు తెలిసిన మాటలతో ధైర్యము చెప్పు మనిషి. ఇక ఇదే నగరమున జీవశాస్త్రము స్థితి యెట్లున్నది? హబ్సిగూడలో సి.సి.ఎం.బి. యను కణ, అణు జీవశాస్త్ర కేంద్రము కలదు. ఉప్పలులో డి.ఎన్.ఎ. ముద్రలను పరిశోధించు కేంద్రము కలదు. అది పూర్వము కొన్నియేండ్లు ఈ నాంపల్లిలోనే యుండెను. దేశదేశములకు టీకాలు పంపు కర్మాగారములు నగరపు పొలిమేరలలో కలవు. ఇంత విద్య చుట్టును ఆవరించియుండగా, ఆ వరుసలోని తల్లిదగ్గర కూర్చుండి ఉబ్బసమనగా నేమో తెలుగుననో హిందూస్థానీలోనో చెప్పినవారెందరు?

ఈ లోపమును మన నగరమున గాఢముగా గుర్తించినవారిలో డాక్టరు పుష్ప మిత్ర భార్గవ ముఖ్యులు. 1928లో అజ్మీరున జన్మించి, లక్నో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, 1950లో హైదరాబాదు చేరిన యీయన, నడుమ విదేశములలో గడపిన కొన్నియేండ్లు తప్ప, 2017 ఆగస్టు 1వ తేదీన మరణించువరకు ఈ నగరమునే తన కార్యస్థానముగా నెంచుకొనిరి. 1977లో సి.సి.ఎం.బి. ఆయన ఆధ్వర్యమున వెలసినది. అట్టి పదవిలోనున్నవారు సాధారణముగా ప్రయోగశాలకును, ఢిల్లీ సచివాలయమునకును నడుమ తిరుగుచు కాలము గడుపుదురు. భార్గవగారు అట్లు చేయలేదు. కణమును గూర్చి, జన్యువును గూర్చి, జన్యుమార్పిడి పంటలను గూర్చి, మూఢవిశ్వాసములను గూర్చి పిలిచిన సభలకెల్ల పోయి మాటలాడిరి, పత్రికలకు వ్రాసిరి, తగవు వచ్చినచోట వెనుదీయక తగవాడిరి.

1964లో ఆయన మరికొందరితో కూడి శాస్త్రీయ దృక్పథమును వ్యాపింపజేయుటకు ఒక సంఘమును స్థాపించిరి. అందు చేరగోరువారు ఒక ప్రకటనపై సంతకము చేయవలెను. జ్ఞానము మానవ ప్రయత్నముచేతనే లభించును గాని అలౌకిక ప్రేరణచేత కాదనియు, మానవుని సమస్యలను మానవుని బుద్ధిబలముచేతను నీతిబలముచేతను ఎదుర్కొనవలెననియు దాని తాత్పర్యము. పేరుగాంచిన శాస్త్రజ్ఞులే అనేకులు సంతకము చేయుటకు వెనుకాడిరని ఆయన తరువాత వ్రాసిరి. పగలు సూక్ష్మదర్శినిని నమ్ము విద్వాంసుడు సాయంకాలము రాహుకాలమును నమ్ముచుండగా, చదువులేనివాని నమ్మకమును తప్పుపట్టుటకు ఎవరికి అర్హత?

న్యాయస్థానముయొక్క హద్దు యెచ్చటనో కూడ భార్గవగారి చరిత్రయే మనకు చెప్పుచున్నది. 2001లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు విశ్వవిద్యాలయములలో జ్యోతిషమును పాఠ్యవిషయముగా ప్రవేశపెట్ట నిశ్చయింపగా, భార్గవగారు మరికొందరితో కలసి ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమున పిటిషను వేసిరి. అది త్రోసివేయబడినది. సర్వోన్నత న్యాయస్థానమునకు పోయిరి. 2004 మే 5వ తేదీన అచ్చటను ఓడిపోయిరి. విద్యావిషయములలో నిపుణుల సంఘము చేసిన నిర్ణయమున న్యాయస్థానము సాధారణముగా జోక్యము చేసికొనదని ఆ తీర్పు సారాంశము. తీర్పును నిందించుట మా యుద్దేశము కాదు. న్యాయమూర్తులు తమ యెల్లను తాము గీసికొనిరి. ఆ యెల్లకు ఆవల నున్న భూమిని దున్నవలసినవారు ఇతరులు.

రాజ్యాంగము ఈ భూమిని మరచిపోలేదు. 1976 నాటి 42వ సవరణచే చేరి, 1977 జనవరి 3 నుండి అమలులోనికి వచ్చిన 51ఎ అనుచ్ఛేదము, శాస్త్రీయ దృక్పథమును, మానవతను, జిజ్ఞాసను, సంస్కరణాభిలాషను పెంపొందించుకొనుట ప్రతి పౌరుని ప్రాథమిక విధియని చెప్పుచున్నది. ఈ విధిని మీరినందుకు శిక్ష లేదు. నెరవేర్చినందుకు బహుమానమును లేదు. నేర్పువాడు లేనిదే ఈ విధిని నెరవేర్చుట యెట్లు? ఈతరాని వానిని చెరువుగట్టున నిలిపి ఈదుట నీ విధియని శాసించిన ఫలమేమి? నేర్పుటకు అందరికంటె తగినవారు ప్రజాధనముతో నడచు ప్రయోగశాలలలోని విద్వాంసులు.

సభలో మాటలాడిన మాత్రమున ఒరగునదేమని అడుగువారికి ఒక నిదర్శనము చూపుదుము. బీటీ వంకాయను పొలములకు విడువవచ్చునా కూడదా యను ప్రశ్న వచ్చినప్పుడు, నాటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ గారు 2010 జనవరి, ఫిబ్రవరి నెలలలో దేశమున ఏడు నగరములలో బహిరంగ సంప్రదింపులు జరిపిరి. అందు హైదరాబాదు ఒకటి. రైతులును శాస్త్రజ్ఞులును ఎదురెదురుగా కూర్చుండి వాదించిరి. ఫిబ్రవరి 9వ తేదీన మంత్రి ఆ పంటపై నిలుపుదల ప్రకటించిరి. సర్వోన్నత న్యాయస్థానము 2008లో జన్యుమార్పిడి పంటల ఆమోద సంఘమునకు పంపిన ప్రతినిధియగు భార్గవగారు ఆ పంటను గట్టిగా విమర్శించినవారిలో నుండిరి. ఆ నిర్ణయము మంచిదా చెడ్డదా యని నేటికిని వాదించువారున్నారు, వాదింతురు గాక. వంకాయ పండించువాడు జన్యువును గూర్చి సభలో ప్రశ్న వేసినాడు. విద్వాంసుడు సమాధానము చెప్పవలసివచ్చినది. స్వరాజ్యమునకు ఇంతకంటె మంచి లక్షణము మేమెరుగము.

అయితే ఆ ఉపన్యాసమెట్లుండవలెను? ఉబ్బసమునే తీసికొందము. ఊపిరి పోవు గొట్టముల గోడలు వాచి, చుట్టునున్న కండరములు బిగిసి, దారి యిరుకగుటచే పిల్లికూతలు పుట్టునని ఒక రబ్బరు గొట్టమును నొక్కి చూపవచ్చును. ఈ వ్యాధి తనంత తాను హెచ్చుచు తగ్గుచు నుండునని చెప్పవలెను. హెచ్చినప్పుడే మనుష్యుడు మందునకై పరుగెత్తును. పిమ్మట అది తగ్గిన, తగ్గించినది ఆ మందే యనుకొనును. మరి నిజము తేల్చుట యెట్లు? రోగులను చీట్లు వేసి రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మందును, మరియొక జట్టుకు చూచుటకు అట్లే యుండు ఉత్తముద్దను ఇచ్చి, ఎవరికేది యిచ్చిరో రోగికిని తెలియక, పరీక్షించువానికిని తెలియక ఆరునెలలు లెక్క వ్రాయవలెను. రెండు జట్ల లెక్కలలో తేడా కనబడిననే అది మందు. ఇంతే శాస్త్రము! ధాన్యము కొలుచువాడు, పత్తి తూచువాడు దీనిని గ్రహింపలేడా? ఒక్కసారి దీనిని గ్రహించినవాడు చేపముద్దనే గాక, వార్తాపత్రికలలో వచ్చు ప్రతి టానిక్కు ప్రకటనను, అల్లోపతి మందుల వర్తకుని మాటను సైతము అదే కొలతతో కొలుచును.

చెప్పుటకు కథలు కావలెనన్న మన నగరముననే కలవు. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలోని చిన్న కట్టడమున సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూచి, చలిజ్వరపు క్రిమి అందు పెరుగుచున్నదని కనుగొనెను. ఆ దోమ కుట్టినది హుసేన్ ఖాన్ అను రోగిని. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చెను. 1902లో నోబెల్ బహుమానము రాస్‌కు వచ్చినది. ఆ కట్టడము నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయము పాలనలో నున్నది. చలిజ్వరము చెడుగాలివలన వచ్చుననియు, దేవత కోపమువలన వచ్చుననియు లోకమనుకొనుచున్న కాలమున, మన బేగంపేటలో అణాలకు కుట్టించుకొన్న దోమ ఆ నమ్మకమును పడగొట్టినదని చెప్పిన, నాంపల్లి స్టేషను కూలీయు నిలబడి వినును.

తెలుగున జీవశాస్త్రము చెప్పుటకు మాటలు చాలవను ఆక్షేపణ ఒకటి తరచు వినబడును. ఈ నగరమున ఈ మాట అనుటయే వింత. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది ఇచ్చట. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కూడి విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినది ఇచ్చట. చరిత్రములతోపాటు పదార్థవిజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము ఆ మండలి గ్రంథములుగా తెలుగువారి యిండ్లకు పోయినవి. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము అబిడ్సునకు చేరువనే, నిజాం కళాశాల చెంత తరగతులారంభించి, ఉర్దూలో విజ్ఞానమును, వైద్యమును సైతము బోధించినది. అందులకై అనువాదశాలనే నడపినది. ఉర్దూకు సాధ్యమైనది తెలుగునకు అసాధ్యమా? కణము, జన్యువు అను మాటలు నేడు బడిపిల్లలకు తెలియును. వైరసు, టీకా, యాంటీబాడీ యను మాటలు 2020 తరువాత పల్లెటూరి రచ్చబండపైకే వచ్చినవి. లోకములో నలిగిన మాటను గ్రహించి, లేనిచోట విప్పి చెప్పిన చాలును. ఆదివారమునాడు అబిడ్సు కాలిబాటలపై పాతపుస్తకముల అంగళ్లను చూడుడు. ఆంగ్ల వైద్యగ్రంథములు గుట్టలుగా పడియుండును. సామాన్యుడు చదువదగిన తెలుగు జీవశాస్త్రగ్రంథము కొరకు వెదకుకొనవలెను. ఈ కొరత భాషది కాదు, విద్వాంసులది.

పరిశోధన మాని ఉపన్యాసములిచ్చుచు తిరుగుమందురా యని శాస్త్రజ్ఞులు కొందరు అడుగవచ్చును. జనసముదాయముల జన్యుశాస్త్రమునకు పునాది వేసిన ముగ్గురిలో ఒకడైన జె.బి.ఎస్. హాల్డేన్, ఇంగ్లండున ‘డైలీ వర్కర్’ అను కార్మికుల పత్రికకు మూడువందలకు పైగా విజ్ఞాన వ్యాసములు వ్రాసెను. దానివలన ఆయన పరిశోధన కుంటువడలేదు. 1957లో ఆయన మన దేశమునకు వచ్చి, పిమ్మట ఈ దేశపు పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన కోరినట్లు దేహమును కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేర్చిరి. జీవించినన్నినాళ్లు వాక్కుచేతను కలముచేతను బోధించిన విద్వాంసుడు, మరణించిన పిమ్మట దేహముచేత తెలుగు విద్యార్థులకు పాఠము చెప్పెను. నెలకు ఒక సాయంకాలము నొసగలేమని మన విద్వాంసులందురా?

ఒక హెచ్చరిక మాత్రము చేయవలసియున్నది. భార్గవగారి వాక్కు పదునైనది. పదును విద్వాంసుల సభలో భూషణము. జనసభలో తిట్టు వినినవాడు మరునాడు రాడు; తన నమ్మకమును మరింత బిగియ పట్టుకొనును. మొక్కుకొనుట తప్పని చెప్పుటకు జీవశాస్త్రజ్ఞుడు వేదిక యెక్కనక్కరలేదు. మొక్కుకొనుము, ఆసుపత్రిలో ఇచ్చిన పీల్చుమందును మాత్రము మానకుమని చెప్పిన నేటికి ఒక బిడ్డ బ్రదుకును. రేపు ఆ బిడ్డయే మిగిలిన ప్రశ్నలు వేయును.

ప్రశ్న! ఉపన్యాసమున ముఖ్యమైన భాగమదియే. వక్త గంటసేపు మాటలాడి, పూలదండ వేయించుకొని పోయిన, విన్నవాడు పాత గురువునకు బదులు క్రొత్త గురువును సంపాదించుకొన్నాడే గాని శాస్త్రమును సంపాదింపలేదు. నాంపల్లి క్రిమినలు కోర్టులలో సాక్షిమాట జిరహ్‌కు నిలిచిననే విలువ గాంచును. శాస్త్రపు మాటయు అట్టిదే. అయినను డి.ఎన్.ఎ. నివేదిక వచ్చినంతనే వకీళ్లు సైతము మూగవోవుట కద్దు. చట్టము నిపుణుని మాటను అభిప్రాయమనియే పేర్కొనుచున్నది. పూర్వపు సాక్ష్య చట్టమున 45వ సెక్షను, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమున 39వ సెక్షను చూడుడు. మానవుని జన్యుగ్రంథము సుమారు 300 కోట్ల అక్షరములు. పరీక్ష చూచునది అందు ఎన్నుకొన్న కొద్ది స్థలములనే. నమూనాను ఎవరు తీసిరి, ఎన్ని చేతులు మారినది, సీలు చెదరకుండెనా, మరియొకని ముద్రతో సరిపోవు అవకాశమెంత యని అడుగనేర్వని వకీలు తన కక్షిదారుని ప్రాణమును విధికి వదలుచున్నాడు. కాబట్టి జీవశాస్త్రపు ఉపన్యాసము చేపముద్ద కొరకు నిలిచిన బీదవానికి మాత్రమే కావలసినదని యెవరును తలపరాదు. నల్లకోటు వేసికొన్నవానికి అది అంతకంటె అవసరము.

ఇక చేయవలసిన పని చెప్పుదుము. అబిడ్సు బొగ్గులకుంటలో తెలంగాణ సారస్వత పరిషత్తు మందిరమున్నది. సుల్తాన్ బజారులో భాషానిలయమున్నది. నాంపల్లిలో ప్రదర్శన మైదానమున్నది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు ఆరంభించిన నుమాయిషు జనవరి మొదటినుండి ఒకటిన్నర నెల అచ్చట జరుగును. మిఠాయిల కొరకును, శాలువల కొరకును, రంగులరాట్నము కొరకును లక్షలమంది వచ్చు ఆ స్థలమున ఒక్క కొట్టును జీవశాస్త్రమునకు నిత్యవేదికగా ఇప్పించుడు. నాలుగు సూక్ష్మదర్శినులు, ఒక చెరువునీటి సీసా, ఒక నెత్తుటిబొట్టు. ప్రతి సాయంకాలము అరగంట తెలుగు ఉపన్యాసము, అరగంట ప్రశ్నలు. ఒకనాడు హిందూస్థానీలో జరుపుడు. మృగశిర కార్తెనాడు అదే మైదానపు ద్వారమువద్ద ఊపిరి కొలుచు పరికరముతో ఇద్దరు వైద్యులను, ఒక జీవశాస్త్రజ్ఞుని కూర్చుండబెట్టుడు. వరుసను ఆపవలదు, వరుసలోనున్నవారితో మాటలాడుడు. నగరములోని పరిశోధన కేంద్రములు ప్రతి శాస్త్రజ్ఞుడును ఏటికొక్క తెలుగు ఉపన్యాసమీయవలెనని నియమము చేసికొనవలెను. పఠనమందిరములవారు పిలుపు పంపవలెను. పిలువనిదే రాలేదని నిందించుట తగదు.

నిజాం పాలనలో ఈ నగరమున సభ జరుపుటకు అధికారుల అనుమతి కావలసియుండెను. గస్తీ నిశాన్ 53 క్రింద గ్రంథాలయసభలే అనుమానముతో చూడబడినవి. ఆనాడు మన పెద్దలు అనుమతికై తిరిగి తిరిగి, నిరాకరణములను సహించి, ఒక్కొక్క సభను పోరాడి జరుపుకొనిరి. నేడు సభను వలదనువాడు లేడు. మందిరములున్నవి, దీపములున్నవి, విద్వాంసులున్నారు, అడుగవలసిన ప్రశ్నలు కోట్లమంది గుండెలలో నున్నవి. ఈ నెలలోనే ఒక్కొక్క పఠనమందిరమువారు ఒక్కొక్క జీవశాస్త్రజ్ఞునకు ఒక తెలుగు జాబు వ్రాసి, తేదీ నిశ్చయించి, వీధిలో ప్రకటన అంటింపుడు. మొదటి వరుస కుర్చీలను పెద్దమనుష్యులకు గాక ప్రశ్న తెచ్చినవారికి విడిచిపెట్టుడు.